ఒకే కప్పు కింద పన్నూ మాఫీ

మొదటి రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. రోజూ రాయాలట, అబద్ధం రాయకూడదట. రాసింది రాసినట్టు గుమాస్తా యంత్రం చదువుతుందట, సభ ముగిసిన వారానికి ఊరందరి ముందూ చదివిస్తారట. కాబట్టి ఓ గుమాస్తా, ముందే చెబుతున్నాను. నా చేతిరాత బాగుండదు. నా నోరు అంతకన్నా బాగుండదు.

ఇవాళ రేవు తెప్ప మీద బడ్జెట్ చీట్లు తీశారు. నీటిదివిలో ఆరువందల పన్నెండు ఇళ్లు తేలుతున్నాయి, ఈ ఏడాది పద్దులు ముప్పై ఎనిమిది. ఒక్కో పద్దుకీ ఒక్కో నోరు కావాలి. బడికి ఒకరు, ఆసుపత్రికి ఒకరు, ఐసు ఫ్యాక్టరీకి ఒకరు, పన్నులకి కూడా తలా ఒకరు. చీటీలో ఏది వస్తే పన్నెండు రోజులు మనం అదే. దాని పని చేయాలి, దాని బతుకు బతకాలి, చివరి రోజున సభలో దాని తరఫున 'నేను' అని మాట్లాడాలి. పూర్వం బడ్జెట్టు గుమాస్తాయే వేసేది. ఎంత తిట్టినా దానికి కోపం రాదు, కన్నీళ్లు రావు. తిట్టినవాళ్లకి తృప్తి లేకపోయింది. అందుకని దాని గొంతు పీకేసి, కూడికలు మాత్రం దానికి వదిలేసి, తిడితే ముఖం మాడే మనుషుల్ని పెట్టుకున్నాం.

నాకు మోకుల పన్ను వచ్చింది.

మా ఊళ్లో పన్నంటే రోజులు, ఖర్చన్నా రోజులే. ఇంటిని వీధి తెప్పకి పట్టి ఉంచేది ఒక్క మోకు. ఆ మోకుల కోసం నెలకో రోజు ఇంటికొకరు తాళ్లశాలకి వెళ్లి పీచు పురిపెట్టాలి, పాత మోకులకి పట్టిన గవ్వలు గీకాలి. చేతులు పుళ్లు పడతాయి, వారం దాకా వేలికి ఉంగరం ఎక్కదు. అన్ని పన్నుల్లోకీ జనానికి ఒళ్లు మండేది దీనికే. తుఫాను మొహం చూసి ఏడేళ్లయింది, బయట అలలకి అడ్డుగోడ ఉంది, ఇంకా ఈ తాళ్లేమిటని.

నా వెనకే మా ఆయన అంకినీడు డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఆయనకి మోకుల పన్ను మాఫీ వచ్చింది.

ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సభ పెద్ద సోమిదేవి మాత్రం నవ్వలేదు. ఆవిడ నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని నిద్రపోయే మనిషి. మొగుడూ పెళ్లాలూ ఎదురెదురు పద్దులు కాకూడదని పుస్తకంలో లేదు కాబట్టి కావచ్చంది. ఎవరి సొంత లాభం వాళ్లు సభలో మాట్లాడకూడదంది, మాట్లాడితే ఆ మాట కొట్టేస్తారు. నోరు తన పద్దుని మధ్యలో వదిలేస్తే ఆ పద్దు రాలిపోతుందంది. ఇక మాఫీ నోరు మాఫీలోనే బతకాలి కాబట్టి, ఈ పన్నెండు రోజులూ మాఫీ ఇంటికి మోకు సేవ ఉండదంది. బిగించడం లేదు, మార్చడం లేదు, ముట్టుకోవడం లేదు.

ఆ ఇల్లు నాది కూడానమ్మా అన్నాను. పన్ను ఎక్కడ పని చేయాలో పుస్తకంలో ఉంది కానీ ఎక్కడ పడుకోవాలో లేదంది.

నోళ్లందరికీ మెడలో వేసుకునే చిన్న మైకులు ఇచ్చారు. నొక్కితే మన మాట సభలోనూ మిగతా మైకుల్లోనూ వినిపిస్తుంది. మా ఆయన ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ మైకు ముప్పావుగంట సర్దుకున్నాడు. నలభై ఏళ్లు లాంచీలో టిక్కెట్లు చింపిన మనిషి. అక్కడ మాట్లాడే పని రాలేదు, ఇంట్లో నేను మాట్లాడనివ్వలేదు.

రెండో రోజు

తాళ్లశాలకి వెళ్లాను. మేస్త్రి పేరయ్య మంచివాడే కానీ పీచుని చూసినంత ప్రేమగా మనిషిని చూడడు. గోడ మీద ఇళ్ల నంబర్లు, ఏ ఇంటి మోకు ఏ రోజు మార్చాలో రాసి ఉంది. మా ఇల్లు రొయ్యల వీధి చివర, రెండువందల నాలుగు. మోకు మార్పు ఎల్లుండే. పేరయ్య నా కళ్ల ముందే దాని మీద సుద్దగీత కొట్టాడు.

మాఫీ వాళ్లకి కొత్త మోకెందుకమ్మా అని నవ్వి, ఆ తర్వాత నవ్వడం ఆపి, పాత మోకు ముక్క ఒకటి తెచ్చి విప్పి చూపించాడు. పైకి నున్నగా నిక్షేపంలా ఉంది. లోపల పేటలు వేలితో నలిపితే పొడి రాలింది. ఉప్పు లోపలినుంచి తింటుందట. తెగే రోజు దాకా మోకు కొత్త పెళ్లికొడుకులా ఉంటుందట.

సాయంత్రానికి నా అరచేతిలో నాలుగు బొబ్బలు. దారిలో టీ తెప్ప దగ్గర ఆగితే టీ పోసేవాడు పన్నుకి టీ లేదన్నాడు. ఇరవై ఏళ్లుగా వాడి చొక్కాలకి గుండీలు కుట్టేది నేను. ఆ మాట గుర్తు చేసి రెండు టీలు తాగాను.

నాలుగో రోజు

మా ఇంటికి జాతర వచ్చినట్టు జనం వస్తున్నారు. ఎవరూ నా కోసం కాదు. మాఫీగారికి అరటిపళ్లు, మాఫీగారికి ఎండు చేపలు. పక్కింటి కనకవల్లి మాఫీగారికి గారెలు తెచ్చింది. నన్ను చూసి ఎందుకు వదినా నువ్వు ఏటేటా పెరుగుతున్నావు అంది. నేను పెరగలేదే, తొమ్మిదేళ్లుగా నెలకి ఒక్క రోజేనన్నాను. అవునా, పెరిగినట్టే అనిపిస్తావు అని గారెలు నా ముందునుంచి ఆయన ముందుకి జరిపింది.

ఆయన వాలు కుర్చీలో కూర్చుని అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. నిన్నటి దాకా ఈ ఊళ్లో సగం మందికి ఈయన పేరు తెలియదు, లాంచీ తాత అనేవాళ్లు. ఇవాళ ఒకాయన వంగి కాళ్లకి దండం పెట్టబోతే ఆపినట్టే ఆపి పెట్టించుకున్నాడు.

ఇంటికీ వీధికీ మధ్య మూరెడు నీళ్లు కనిపించాయి. వారం వారం బిగించాల్సిన మోకు బిగించకపోతే సాగుతుంది, అంతే. గుమ్మం దాటేటప్పుడు కాస్త పెద్ద అడుగు వెయ్యమని ఆయనకి చెప్పాను. నువ్వు పన్నువి, నీకు అన్నిటికీ భయమే అన్నాడు.

ఐదో రోజు

ఇవాళ నా వంతు ప్రచారం. టీ తెప్ప మీద నిలబడి మోకులు ఎందుకో చెబుదామనుకున్నాను. చెప్పనిస్తేగా.

తాళ్లశాలలో పనికన్నా కబుర్లే ఎక్కువని ఒకాయన. నిజమే, ఉన్నాయి. ఆ రోజులన్నీ ఎవరో తినేస్తున్నారని ఇంకొకాయన. ఎవరు తినేస్తున్నారో గుమాస్తా లెక్క తెరిచి చూపించాను. పోయిన ఏడాది పడవ పందేలకి రంగు దీపాలు కట్టడానికే రెండువందల నలభై రోజులు పోయాయి. చాలక ఈ ఏడాది రోజులు అరవై ముందే వాడేశాం. అయితే దీపాలు తీసేద్దామా అన్నాను. అందరూ ఒక్కసారి సముద్రం వైపు చూడటం మొదలుపెట్టారు.

నాకు అర్థమైందేమిటంటే, పన్ను పోవాలి, ఐసు ఊరికే రావాలి, దీపాలు వెలగాలి, ఇల్లు మాత్రం కదలకూడదు. ఈ నాలుగూ ఒకే మనిషి, ఒకే ఊపిరిలో అడుగుతాడు. అడిగి, ఇది కూడా చేతకాదా అని నా వైపు చూస్తాడు. గుమాస్తా, నిన్ను ఇన్నేళ్లు తిట్టిన తిట్లలో నా వాటా నేను వెనక్కి తీసుకుంటున్నాను.

ఏడో రోజు

ఇంటికీ వీధికీ మధ్య ఇప్పుడు బారెడు నీళ్లు. పలక వేశాం. కూరల బుట్టతో పలక మీద నడుస్తుంటే ఇల్లు ఒకవైపు, వీధి ఒకవైపు జరిగాయి. పలకా నేనూ వంకాయలూ నీళ్లలో. నడుం దాకా తడిసి పైకొస్తే మా ఆయన అరుగు మీద నిలబడి, గాలి బాగా ఆడుతోంది కదే అన్నాడు.

నేనన్న మాటలు ఇక్కడ రాయను. సభలో చదువుతారు.

పలకకి రెండు మేకులు కొడదామంటే సోమిదేవి పడవేసుకుని వచ్చింది. కొలతబద్ద తీసి పలక కొలిచింది, మేకులు లెక్కపెట్టింది, పుస్తకం తిరగేసింది. పలక మోకు కాదు కాబట్టి వేసుకోవచ్చట. మేకు కొడితే మాత్రం అది బిగింపు కిందికి వస్తుందట. కాబట్టి పలక ఉండవచ్చు కానీ నిలబడకూడదు.

సాయంత్రం చూడవచ్చిన వాళ్లకి మా ఆయన, మన ఇళ్లు ఇన్నేళ్లూ కట్టేసిన గేదెల్లా బతికాయని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లి తమ మోకు బిగించి ఉందో లేదో చూసుకున్నారు. ఈ ముక్క నాకు కనకవల్లి చెప్పింది, ఆవిడా చూసుకుందట.

తొమ్మిదో రోజు

మూడు బారలు. ఇక పలక అందదు. కనకవల్లి పడవలో వచ్చిపోతున్నాం.

ఇవాళ తాళ్లశాలనుంచి తిరిగొస్తూ పడవ మా మోకు పక్కన ఆపాను. ముట్టుకోకూడదు సరే, చూడకూడదని లేదుగా. ఎనిమిది రోజులు పీచులో చేతులు పెట్టాక కంటికి తెలుస్తుంది. మూడు పేటల్లో ఒకటి తెగిపోయి నీళ్లలో వేలాడుతోంది. రెండోది నూలుపోగుల్లా రేగి ఉంది. మూడోదాని మీద మా ఇల్లు, మా వంటగది, నా కుట్టుమిషను, ఆయన వాలు కుర్చీ.

కేకేద్దామని నోరు తెరిచాను. తెరిచి మూశాను.

అబద్ధం రాయకూడదన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆయనేమో అరుగు మీద కూర్చుని ఎవరికో చెబుతున్నాడు, తాడు లేకపోతే కొంప మునుగుతుందా అని. వాళ్లేమో తలలూపుతున్నారు. నేను పన్నుని. ఎనిమిది రోజులుగా గొంతు చించుకుంటుంటే ఒక్కరూ వినలేదు. ఈ మోకు సభకి ముందే తెగితే, ఆయన టీ తెప్ప మీద కబుర్లలో ఉన్న వేళ ఇల్లు నాలుగు బారలు కొట్టుకుపోతే, ఎవరో పట్టి తెస్తే, నేను సభలో ఒక్క మాట మాట్లాడకుండా గెలుస్తాను. అదీ నాకొచ్చిన ఆలోచన. వచ్చింది, పోలేదు.

ఇంటికెళ్లి చింతచిగురు రొయ్యలు వండాను, ఆయనకి ఇష్టం. నెయ్యి వేశాను. తిన్నంతసేపూ పక్కన కూర్చున్నాను. ఎందుకో తిట్టబుద్ధి కాలేదు.

గుమాస్తా, ఇది చదువుతున్నావుగా. నువ్వైనా ఎవరికైనా చెప్పకూడదా?

(పక్కన గుమాస్తా రాసింది: నమోదైంది. నా పని కూడికలు.)

పదో రోజు

ఈయనకి తల తిరిగింది. పొద్దున్నే లేచి, నా కుట్టుమిషను చప్పుడు చేస్తోంది, చక్రానికి నూనె పెట్టించాలి అన్నాడు. నలభై ఏళ్లుగా దాని పక్కనే గుర్రుపెట్టి నిద్రపోయినవాడికి ఇప్పుడు చప్పుడు వినిపించింది. ఉపన్యాసానికి అడ్డమట. నాలుగు జాకెట్లు కుట్టాల్సి ఉంది మొర్రో అన్నా వినకుండా, మిషను చీరలో చుట్టి, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలు కూడా తోమించాలని దానితో పాటే మూటకట్టి, పడవలో వేసుకుని కనకవల్లి ఇంటికి తీసుకెళ్లాడు. నడుం నొప్పని నీళ్ల బిందె ఎత్తని మనిషి.

పెద్దమనిషి తరహా ఒంటబట్టిందనుకున్నాను. మోకు సంగతి ఇవాళ కూడా చెప్పలేదు.

పదకొండో రోజు

సాయంత్రం ఉపన్యాసం నాకు వినిపించాడు. వెక్కిరిద్దామని కూర్చున్నాను.

బాగుంది. ఎక్కడ దాచుకున్నాడో ఇన్నాళ్లూ. లాంచీలో ఎక్కినవాళ్లని చూసీ చూసీ ఆయన నేర్చుకున్నదంతా అందులో ఉంది. నెలకో రోజు పోయిందంటే పసిబిడ్డ తల్లికి ఏం పోతుందో, మోకాళ్ల నొప్పుల ముసలాయనకి ఏం పోతుందో, వాళ్ల వాళ్ల గొంతులతోనే చెప్పాడు. తీసుకునేవాడికి అది ఒక రోజు, ఇచ్చేవాడికి అది ఆ నెలలో మిగిలిన ఒకే ఒక్క రోజు అన్నాడు. వింటుంటే పన్నునైన నాకే పన్ను ఎత్తేయాలనిపించింది.

"ఎట్లా ఉందే?" అన్నాడు.

ఉప్పు తగ్గింది అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. నా నాలుకకి ఏం పొయ్యేకాలమో నాకే తెలియదు.

పన్నెండో రోజు

పొద్దున నాతో పడవ ఎక్కమన్నాను. మాఫీ ముందు వెళితే విలువుండదు, చివర వెళ్లాలి, పంచె ఇస్త్రీ కావాలి అన్నాడు. మోకు మాట నాలుక చివరి దాకా వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆగుతుందిలే అనుకున్నాను. ఎనిమిది గంటలకి నేను ఇల్లు దాటినప్పుడు ఆ పేట ఉంది. ఇది కూడా రాస్తున్నాను.

సభ పెద్ద తెప్ప మీద, చుట్టూ కిటికీలున్న హాల్లో. ఐసు ఊరికే ఇవ్వడం మొదటి పద్దు, చదవడం పూర్తికాకముందే నెగ్గింది. దీపాలు నెగ్గాయి. బడి గంటసేపు ఏడ్చి సగం నెగ్గింది. అప్పుడు సోమిదేవి మాఫీని పిలిచింది. మొదటి గంట కొట్టారు, మనిషి లేడు. రెండో గంట కొట్టారు, లేడు. మూడో గంట కొట్టబోతుండగా స్పీకర్లలో మా ఆయన గొంతు వినిపించింది.

"సభకి నమస్కారం. నేను మాఫీని. కాస్త ఆలస్యమైంది, మన్నించాలి."

గొంతు హాజరైతే మనిషి హాజరైనట్టేనని సోమిదేవి తేల్చింది. ఆయన మొదలుపెట్టాడు. నిన్నటికన్నా బాగా మాట్లాడాడు. పసిబిడ్డ తల్లి దగ్గర ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకి పెట్టుకున్నారు. మోకాళ్ల ముసలాయన దగ్గర ముసలాళ్లందరూ మోకాళ్లు తడుముకున్నారు. చప్పట్లకి హాలు ఊగింది. నేను తల వంచుకుని కూర్చున్నాను.

"ఏడేళ్లుగా లేని గాలికి భయపడి ఎన్నాళ్లు కట్టుబడి ఉంటాం?" అని ఆయన అడుగుతుండగా, దక్షిణం కిటికీ దగ్గర కూర్చున్న కనకవల్లి లేచి నిలబడింది. ఏదో అనబోయి, మాట రాక, వేలు చూపించింది.

కిటికీలోంచి మా ఇల్లు వెళుతోంది.

తాపీగా వెళుతోంది. నీరు సముద్రం వైపు లాగే వేళ. అరుగు మీద మా ఆయన, ఇస్త్రీ పంచె, ఒక చేతిలో కాగితం, రెండో చెయ్యి గాలిలో. మోకు ముక్క తోకలా వెనక ఈదుతోంది. తాళ్లు మనల్ని కాపాడుతున్నాయా, మనమే తాళ్లని కాపాడుతున్నామా అని అడుగుతూ ఆ కిటికీ దాటి రెండో కిటికీలోకి వచ్చాడు. కొందరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

ఆ దారిలో పోతే పావుగంటలో అలల గోడ గుమ్మం. అది దాటితే పెద్ద సముద్రం. మా ఇంటిని తేల్చే డబ్బాలు ఆ అలకి అరగంట ఆగవు.

పేరయ్య అప్పటికే మోకు చుట్ట భుజాన వేసుకుని పడవలో దూకాడు. మా ఇంటి పక్కకి చేరి, విసరడానికి చెయ్యెత్తి, అట్లాగే ఆగి, సభ వైపు చూశాడు. ఎందుకంటే సోమిదేవి పుస్తకం తెరిచింది.

మాఫీ ఇంటికి ఓటింగు అయ్యేదాకా మోకు తగలకూడదు. ఓటింగంటే ఆరువందల పన్నెండు ఇళ్ల పేర్లు పిలవాలి, గంట పడుతుంది. మోకు వద్దు, మనిషిని దింపుకొద్దామని ఒకరు. దిగితే నోరు పద్దుని వదిలినట్టే, మాఫీ రాలిపోతుందని మాఫీ వైపు వాళ్లు గోల. ఇల్లు పట్టుకురావడానికి అయ్యే రోజులు ఏ పద్దులో రాయాలని ఒకాయన. అత్యవసరం పద్దులో అని ఇంకొకాయన. అత్యవసరం పద్దు పోయినేడాది దీపాల్లో కలిపేశాం కదా అని మూడో ఆయన. దీని మీద ఐదుగురితో ఒక సంఘం వేద్దామని నాలుగో ఆయన. ఇల్లు మూడో కిటికీ దాటింది.

సోమిదేవికి కావలసిన పేజీ దొరక్కపోవడం ఇవాళే చూశాను. పుస్తకం పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ, మాఫీయే స్వయంగా తనని ఉపసంహరించుకుంటే తప్ప దారి లేదంది. అందరూ మైకుల్లో ఒక్కసారి అరిచారు, ఉపసంహరించుకో అంకినీడూ అని. మొట్టమొదటిసారి ఊరంతా ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

ఆయన అరుగు మీద నిలబడి చుట్టూ చూశాడు. ఇల్లు కదిలిందని అప్పుడే గమనించినవాడిలా లేడు. ఇంకా రెండు పేజీలున్నాయి అన్నాడు.

సోమిదేవి నన్ను పిలిచింది. తర్వాతి పద్దు మోకుల పన్ను, మాట్లాడొచ్చు, సొంత లాభం మాత్రం ఎత్తకూడదు అంది. లేచాను.

"నేను మోకుల పన్నుని. నాకు మొగుడు లేడు, ఇల్లు లేదు. పన్నుకి ఇవన్నీ ఎందుకుంటాయి? నన్ను ఎందుకు కట్టాలని పన్నెండు రోజులుగా అడిగారు. కిటికీలోంచి చూడండి. అంతే నా ఉపన్యాసం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇల్లు నాలుగో కిటికీలో చిన్నదైపోయింది. నేను మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను. సొంత మాటలు కొట్టేస్తానని సోమిదేవి హెచ్చరించింది. కొట్టెయ్యమ్మా, అన్నీ కొట్టేసుకో అన్నాను.

"ఏమయ్యా, వినిపిస్తోందా?"

గాలి చప్పుడు మధ్య ఆయన గొంతు, ఉపన్యాసం గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"వినిపిస్తోంది. నాంచారూ, ఎట్లా మాట్లాడాను?"

ఊరంతా వింటోంది. అవతల సముద్రం గుమ్మం. ఈ మనిషికి కావలసింది ఇది.

"బాగా మాట్లాడావు. నిన్న కూడా బాగానే ఉంది, ఉప్పు తగ్గలేదు. నలభై ఏళ్లు నిన్ను నేనే మాట్లాడనివ్వలేదు. ఇక నీ ఇష్టమొచ్చినంత మాట్లాడు, వింటాను. ముందు ఇంటికి రా."

"నేను ఇంట్లోనే ఉన్నానే."

"ఇల్లే ఇంట్లో లేదయ్యా."

హాల్లో ఎవరో ఏడుస్తూ నవ్వారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. మాఫీనైన నేను, నన్ను నేను మాఫీ చేసుకుంటున్నాను అని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట సగంలో ఉండగానే పేరయ్య చేతిలోంచి మోకు లేచింది.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పేరయ్య మోకు చాలలేదు. ఊళ్లో పడవలన్నీ బయల్దేరాయి, ఎవరి ఇంట్లో ఉన్న తాడు వాళ్లు తెచ్చారు. ముడి మీద ముడి వేసి, పెద్ద తెప్ప మీదనుంచి ఊరు ఊరంతా లాగింది. మాఫీ కావాలని అందరికన్నా గట్టిగా అరిచినవాళ్లే ముందు వరసలో నిలబడి లాగారు. సోమిదేవి పుస్తకం కింద పెట్టి చివర పట్టుకుంది. ఇల్లు గోడ గుమ్మం దగ్గర ఒకసారి గింజుకుని, చిన్నగా వెనక్కి తిరిగింది.

మాఫీ రాలిపోయింది. పన్ను ఉంచాలా వద్దా అని ఓటింగు జరిగింది. చేతులు తడి ఆరకముందే జరిగిన ఓటింగులో నేను నెగ్గింది ఎన్ని ఓట్ల తేడాతో అనుకున్నారు? పదకొండు. బయటికొస్తుంటే ఒకాయన మరొకాయనతో చెబుతున్నాడు, ఇల్లు కొట్టుకుపోయింది మాఫీ వల్ల కాదు, ఇన్నేళ్లూ పన్ను తీసుకుని నాసిరకం మోకు కట్టడం వల్ల అని. రెండో ఆయన ఆలోచించి, అదీ నిజమే అన్నాడు.

పదమూడో రోజు

పన్నెండు రోజులూ అయిపోయాయి, ఇక రాయనక్కర్లేదు. కానీ ఒక్కటి మిగిలింది.

పొద్దున్నే పేరయ్య మా ఇంటికి కొత్త మోకు కట్టాడు. ఇల్లు వెనక్కి తెచ్చినందుకు మా ఇంటి మీద ముప్పై ఒక్క రోజుల పని పడింది. మా ఆయన ఇవాళే మొదలుపెట్టాడు. తాళ్లశాలలో పీచు పురిపెడుతూ, మిగిలిపోయిన రెండు పేజీలు పేరయ్యకి వినిపించాడట. పేరయ్య చాలా బాగుందన్నాడట.

నేను మిషను తెచ్చుకుందామని కనకవల్లి ఇంటికి వెళ్లాను. నూనె పెట్టావా అన్నాను. నూనేంటి వదినా అంది. మరి ఎందుకిచ్చాడంటే కాసేపు నసిగి చెప్పింది. రెండు రోజులు నీ దగ్గర ఉంచమ్మా, మా ఇల్లు ఎటుపోయినా నాంచారు మిషనూ వాళ్లమ్మ గిన్నెలూ ఉండాలి అన్నాడట. దానికి చెప్పొద్దు, చెబితే నన్ను సభకి పోనివ్వదు అన్నాడట.

మిషను అక్కడే వదిలేసి తాళ్లశాలకి వెళ్లాను. ఆయన చేతులు చూస్తే అప్పుడే బొబ్బలు. పక్కన పీచు గుట్ట మీద కూర్చుని, ఈ పుస్తకంలో తొమ్మిదో రోజు ఏం రాశానో చెప్పాను. వారంలో ఊరందరి ముందూ వినేబదులు నా నోటితో వినడం మేలు కదా. ఒక పేటే మిగిలిందని నాకు తెలుసు, కావాలనే చెప్పలేదు, గెలవాలని చెప్పలేదు అన్నాను. అని ఏడ్చాను. ఈ వయసులో, పేరయ్య ముందు.

ఆయన పురి ఆపకుండా, "నాకు ఆ రాత్రే తెలుసు" అన్నాడు.

మోకు చూశావా అన్నాను. చూడలేదన్నాడు.

"చింతచిగురు రొయ్యలు పెట్టావు, నెయ్యేశావు, ఒక్క తిట్టు తిట్టలేదు. నలభై ఏళ్లలో అట్లా ఎప్పుడన్నా జరిగిందా? ఇల్లు పోబోతోందని అప్పుడే అనుకున్నా."

తెలిసీ ఆ ఇంట్లో ఎందుకు పడుకున్నావు, పోతే నీ గతేమిటి, నా గతేమిటి, ఇస్త్రీ పంచెకి ఉన్న విలువ ప్రాణానికి లేదా, ఆ మెడలో మైకు మట్టిలో కలవ అని మొదలుపెట్టాను. పేరయ్య చుట్ట వెలిగించుకునే నెపంతో బయటికి వెళ్లిపోయాడు. ఎంతసేపు తిట్టానో తెలియదు, గొంతు బొంగురుపోయింది. ఆయన అలాగే పీచు పురిపెడుతూ, చిన్నగా నవ్వుకుంటూ విన్నాడు.

ఎందుకు నవ్వుతున్నావని అడిగితే, మోకు గట్టిగానే ఉందన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఇంటికి నడిచొచ్చాం, గుమ్మం దగ్గర ఎప్పటిలా చిన్న అడుగే సరిపోయింది.